కళ్ళు మూసుకునే కెమెరా

ఆసుపత్రిలో ఆవిడను అందరూ ఎక్స్‌రే అక్కయ్య అంటారు. ఆవిడకంటే వయసులో ఎంతో పెద్దవాడైన ఎముకల డాక్టరు గారు కూడా అక్కయ్యే అంటారు. అంతమంది అంటుంటే మనం మాత్రం పేరు పెట్టి పిలవడం ఏం మర్యాద? మనమూ అక్కయ్య అనే అందాం. ఆ లెక్కన ఆవిడ భర్త మనకు బావగారవుతాడు. బావగారిని ఆటపట్టించే హక్కు ఒకరు ఇచ్చేది కాదు కాబట్టి, ఈ కథ పొడుగునా దాన్ని అడక్కుండానే వాడుకుంటాం.

అక్కయ్య ఉద్యోగమే బొమ్మలు తీయడం, కాకపోతే మనుషుల లోపలి బొమ్మలు. ఆ పనికి రెండే నియమాలు. బొమ్మ తీయించుకునే మనిషి కదలకూడదు. బొమ్మ తీసే మనిషి ఆ గదిలో ఉండకూడదు. "ఊపిరి పీల్చండి, బిగపట్టండి, కదలొద్దు" అని చెప్పి అక్కయ్య గోడ చాటుకు వెళ్ళి మీట నొక్కుతుంది. తర్వాత "ఆఁ, వదలండి" అంటుంది. ఆ గోడకు చిన్న అద్దాల కిటికీ ఒకటి ఉంది గానీ, నొక్కేటప్పుడు ఆవిడ చూపు మీట మీదే ఉంటుంది. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ బొమ్మ పడే క్షణంలో మనిషి మొహం చూసిన పాపాన పోలేదు.

ఇంట్లో ఫొటోలు తీసేటప్పుడూ ఇదే వరస. ఫోన్ పైకెత్తి "బిగపట్టండి" అంటుంది. ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి తీస్తుంది. ఆ ఇంటి ఆల్బమ్ తిరగేసిన వాళ్ళకు పోలీస్ స్టేషన్లో పాత నేరస్థుల ఫొటోలు చూస్తున్నట్టు అనిపిస్తే అది వాళ్ళ తప్పు కాదు. ఒకసారి అత్తగారి పుట్టినరోజున "బిగపట్టండి" అన్న మరుక్షణం ఫోన్ మోగింది. అక్కయ్య మాట్లాడుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది, "వదలండి" అనడం మరిచిపోయింది. అత్తగారు చెప్పిన మాట జవదాటే మనిషి కాదు. బావగారు వచ్చేసరికి ఆవిడ మొహం వంకాయ రంగుకు తిరిగింది. ఆయన ముందు దాన్ని తన ఫోన్లో ఫొటో తీసుకుని, ఆ తర్వాత వీపు చరిచాడు.

బావగారిని తిట్టుకోకండి. ఆయనది రంగుల ఫ్యాక్టరీలో షేడ్లు సరిచూసే ఉద్యోగం. నిన్నటి డబ్బాలో తెలుపూ ఇవాళ్టి డబ్బాలో తెలుపూ ఒకటేనా కాదా అని చూసి చెప్పాలి. ఆయన సాధారణంగా కాదనే చెబుతాడు. అలాంటి మనిషికి కన్నతల్లి మొహంలో అంత అరుదైన షేడ్ కనపడితే చూస్తూ ఎలా వదిలేస్తాడు?

ఇక వీళ్ళ కూతురు. ఇంట్లో పిడుగు అని పిలుస్తారు. బడిలో హాజరు పిలిచేటప్పుడు తప్ప ఆ పిల్లకు అసలు పేరుతో పని పడదు. పిడుగు జూడో ఆడుతుంది. ఆ ఆట తెలియని వాళ్ళకు చెప్పాలంటే, ఇద్దరు మందపాటి తెల్లబట్టలు తొడుక్కుని, పరుపులాంటి చాప మీద ఎదురెదురుగా నిలబడి, మర్యాదగా వంగి నమస్కరించుకుని, ఆ వెంటనే ఒకరి కాలరు ఒకరు పట్టుకుని నేలకేసి కొట్టాలని చూస్తారు. వీపు ఆసాంతం చాపకు తగిలేలా ఎత్తి పడేస్తే అక్కడితో ఆట సరి. లేచి మళ్ళీ నమస్కరించుకుంటారు. అత్తగారికి ఈ ఆట బాగా నచ్చింది. "కొట్టుకునే ముందూ తర్వాతా దణ్ణాలు పెట్టుకుంటారు, మన చుట్టాలకంటే ఎంతో నయం," అంటుంది.

అక్కయ్య మాత్రం ఆ ఆటను ఒక్కసారీ చూడలేదు. పోటీలకు వెళ్ళదని కాదు, ఒక్కటీ మానలేదు. వెళ్తుంది, కూర్చుంటుంది, పట్టు బిగిసిందంటే చాలు కళ్ళు మూసుకుంటుంది. మిగతా తల్లులు పిల్ల పడితే అయ్యో అంటారు. అక్కయ్యకు ఆ వెసులుబాటు లేదు, ఎందుకంటే ఎలా పడితే ఏది విరుగుతుందో ఆవిడకు ముందే తెలుసు. చెయ్యి చాచి పడితే మణికట్టు. భుజం మీద పడితే కాలర్‌బోన్. మోచెయ్యి కింద ఇరుక్కుంటే ఆ బొమ్మ ఎదురుగానూ పక్కనుంచీ ఎలా ఉంటుందో కూడా తెలుసు, రోజూ తీసేదే కదా. ధబ్‌మని చప్పుడు విని, చప్పట్లు విని, ఒక కన్ను కొంచెం తెరిచి చూస్తుంది. పిల్ల నిలబడి ఉంటే రెండో కన్నూ తెరుస్తుంది.

ఆట అయ్యాక పిడుగు పరుగెత్తుకొచ్చి ప్రతిసారీ ఒకటే అడుగుతుంది. "చూశావా?"

"చూశాను," అంటుంది అక్కయ్య.

"ఎలా ఉంది?"

"అదరగొట్టావు."

ఈ అబద్ధం ఎన్నాళ్ళో నల్లేరు మీద బండిలా సాగిపోయింది. బయటపడింది ఇంకో ఆటగత్తె తల్లి వల్ల. ఆవిడ ఎదుటి వైపు నుంచి ఒక ఆటను ఫోన్లో వీడియో తీసి అందరికీ పంపింది. పిడుగు తన కాలి కదలికలు ఎలా ఉన్నాయో చూసుకుందామని వీడియో పెట్టుకుంది. చాప వెనకాల, ప్రేక్షకుల వరసలో, అమ్మ కనిపించింది. చేదు మందు తాగిన పిల్లలా కళ్ళు గట్టిగా మూసుకుని, హ్యాండ్‌బ్యాగు గుండెలకు హత్తుకుని కూర్చుంది. పిడుగు పాత వీడియోలన్నీ వెతికింది. అమ్మ కనిపించిన ప్రతి దాంట్లోనూ కళ్ళు మూసే ఉన్నాయి.

పిల్ల అరిచి గొడవ చేస్తే బాగుండేది. అలా చెయ్యలేదు. అక్కయ్య ఆరిన జూడో బట్టలు మడతపెడుతుంటే వచ్చి, ఫోన్ ఆ మడతల మీద పెట్టింది.

"నాన్న కూడా చూడట్లేదుగా, ట్యూబులైట్లు చూస్తున్నాడు," అంది అక్కయ్య, ఏమనాలో తోచక.

"నాన్న చూశానని ఎప్పుడూ చెప్పలేదు," అంది పిడుగు. "ఇంక నువ్వు రాకమ్మా. అబద్ధం చెప్పడానికి అంత దూరం రావడం ఎందుకు? ఇంట్లో కూర్చునే చెప్పొచ్చు."

అక్కయ్య, పిల్ల గదిలోకి వెళ్ళిపోబోతుంటే నోటికొచ్చింది అనేసింది. "ఫొటోలు తీస్తాను! మంచి కెమెరా కొంటాను. కళ్ళు మూసుకుని ఎవరూ ఫొటోలు తీయలేరు కదా?"

పిడుగు గుమ్మంలో ఆగింది. ఆ మాటలో న్యాయం ఉందా లేదా అని కాసేపు తూచింది.

"సరే. ఈ ఒక్క పోటీకి రా. నేను ఎత్తి పడేసేటప్పుడు, నన్ను పడేసేటప్పుడు, సరిగ్గా అప్పుడు తీసిన ఫొటోలు కావాలి. అవి లేకపోతే ఇంకెప్పుడూ రావద్దు."

అలా అక్కయ్య కెమెరా కొనాల్సి వచ్చింది. కెమెరా ఎంచుకునే బాధ్యత బావగారు తన నెత్తినేసుకున్నాడు. ఇది ప్రమాదకరమైన పరిణామం. ఆయన ఒకప్పుడు ప్రెషర్ కుక్కర్ ఎంచుకునే బాధ్యత తీసుకున్నాడు. ఆయన నిర్ణయానికి వచ్చేసరికి కంపెనీ ఆ రకం తయారు చేయడమే మానేసింది. ఇప్పుడు రోజూ సాయంత్రం కూర్చుని, కెమెరాల గురించి ఉపన్యాసాలు దంచే కుర్రాళ్ళ వీడియోలు చూడసాగాడు. చూసిన ప్రతి కెమెరాకూ ఆయన ఒక వంక పెట్టాడు, అదీ ఎప్పుడూ ఒకటే వంక.

"ఇందులో తెలుపు నీలం కొడుతోంది," అన్నాడు. ఇంకోదాంట్లో పసుపు కొడుతోంది. "జూడో బట్టలు తెలుపు. తెలుపు తెలుపులా రాకపోతే ఇక ఫొటో ఎందుకు?"

"మనిషి మనిషిలా వస్తే చాలదట్రా?" అంది అత్తగారు.

పోటీ దగ్గర పడింది. అక్కయ్య ఇంక ఆగలేక, ఒక సెలవురోజు బావగారిని సోఫాలోంచి లేపి కెమెరాల దుకాణానికి లాక్కుపోయింది.

రెండు మందుల షాపుల మధ్య ఇరుక్కుని ఉంది ఆ దుకాణం. లోపల దుకాణదారు మెడలో కెమెరా పట్టీ వేలాడుతోంది, దానికి కెమెరా లేదు. అలవాటు కాబోలు.

"దేనికండీ? ఇంట్లో వాళ్ళ ఫొటోలకా, ఆటల ఫొటోలకా?" అని అడిగాడు.

"మా ఇంట్లో రెండూ ఒకటే," అంది అక్కయ్య.

"అంటే కదిలే వాళ్ళను తీయాలి."

"కదలకుండా ఉండే వాళ్ళను తీయడం నాకొచ్చు."

దుకాణదారుకు ఉత్సాహం వచ్చింది. ఎక్కడ ఆడతారు, లైట్లు ఎలా ఉంటాయి, ఎంత దూరంలో కూర్చుంటారు అని అడిగాడు. హాల్లో అన్నాక వెలుతురు ఎప్పుడూ చాలదన్నాడు. ఆటగాళ్ళ కళ్ళల్లో ఫ్లాష్ కొట్టనివ్వరు కాబట్టి, ఉన్న వెలుతురునే గబగబా మింగే లెన్సు కావాలి, అంటే నోరు పెద్దదిగా ఉండాలి. కదలిక చెదరకుండా పడాలంటే షట్టరు రెప్పపాటుకంటే త్వరగా తెరుచుకుని మూసుకోవాలి. మనిషి ఎటు కదిలితే అటు ఫోకస్ వెంటబడాలి. ఇవి మూడూ ఉంటే మిగతావి ఏమున్నా లేకపోయినా పరవాలేదన్నాడు. బావగారు తెలుపు సంగతి అడిగాడు. దుకాణదారు ఆ ప్రశ్న వినపడనట్టు ఊరుకున్నాడు, అనుభవం ఉన్న మనిషి.

ముందు ఒక కొత్త కెమెరా తీసి అక్కయ్య చేతిలో పెట్టాడు. "ఇందులో అద్దం ఉండదండి. కన్ను పెట్టిన చోట లోపల చిన్న తెర. మీరు నొక్కుతున్నా సరే చూపు ఆగదు. ఒక్క క్షణం కూడా చీకటి పడదు. అసలు దెబ్బ తగిలేటప్పుడు కళ్ళారా చూస్తూ తీసుకోవచ్చు. దీని గొప్పే అది."

అక్కయ్య కెమెరాను వీధి వైపు తిప్పి కన్ను పెట్టి మీట నొక్కింది. అదే సమయానికి ఒక సైకిలాయన, మందుల షాపులోంచి దూసుకొచ్చిన ఒక పెద్దావిడను తప్పించబోయి గోడను గుద్దుకున్నాడు. దుకాణదారు చెప్పింది నిజమే. ఆదినుంచీ అంతం వరకూ ఒక్క ముక్క పోకుండా కనిపించింది. సైకిలాయన లేచి బట్టలు దులుపుకుని, తిట్టవలసిన నాలుగు తిట్టి వెళ్ళిపోయాడు గానీ, అక్కయ్యకు మాత్రం చెమటలు పట్టాయి.

"ఇంకోటి చూపించండి," అంది.

ఇంకో రెండు చూపించాడు. అవీ అలాగే కళ్ళప్పగించి చూసే రకం. చివరికి మనసు లేకుండానే కింది అరలోంచి ఒకరు వాడి అమ్మేసిన కెమెరా ఒకటి బయటికి తీశాడు. బరువుగా ఉంది. మూలల్లో రంగు పోయింది.

"ఇది పాత పద్ధతి. మంచిదే, గట్టిది. ఫోకస్ బాగా వెంటబడుతుంది. కాకపోతే లోపల అద్దం ఉంటుంది. మీరు నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, ఆ కాసేపు మీకు చీకటి. బొమ్మ పడిపోయాక అద్దం దిగుతుంది, మళ్ళీ కనపడుతుంది."

"అంటే బొమ్మ పడే క్షణంలో..."

"మీకు ఏమీ కనపడదు. అదే దీని లోపం."

అక్కయ్య దాన్ని అందుకుని బావగారి వైపు తిప్పి నొక్కింది. టక్. చీకటి. మళ్ళీ వెలుతురు, అందులో బావగారు. నొక్కి పట్టుకుంది. టకటకటక. చీకటి, బావగారు, చీకటి, బావగారు. అక్కయ్యకు ప్రాణం లేచొచ్చింది. పొద్దున లేస్తే తను ఏ గోడ చాటున నిలబడి పని చేసుకుంటుందో, ఆ గోడను ఎవరో చేతిలో ఇమిడేలా చేసి ఇచ్చినట్టు ఉంది.

"ఇదే ఇవ్వండి," అంది.

దుకాణదారు నోరెళ్ళబెట్టాడు. "అమ్మా, ఒక్క మాట. ఈ లోపం ఉన్నా సరే తీసుకుంటాం అన్నవాళ్ళున్నారు గానీ, లోపం చెప్పాక మొహం వెలిగినవాళ్ళను మిమ్మల్నే చూస్తున్నాను."

"లోపాలు మనుషుల్లో లేవా?" అంది అక్కయ్య, బావగారి వైపు చూస్తూ.

బావగారు ఆ మాట పట్టించుకోలేదు. తన ఫొటోలో వెనక గోడ తెలుపును కళ్ళజోడు సర్దుకుని పరీక్షిస్తున్నాడు. చాలాసేపు చూసి "పరవాలేదు," అన్నాడు. ఆయన నోటివెంట ఆ మాట వచ్చిందంటే ఫ్యాక్టరీలో మిఠాయిలు పంచుతారు. దుకాణదారు సంగతి తెలియక నొచ్చుకున్నాడు.

ఇది మోసం అంటారా? మోసమే. అక్కయ్యకూ తెలుసు. కెమెరా డబ్బాను ఒళ్ళో పెట్టుకుని ఇంటికి వస్తున్నంతసేపూ, తను కొన్నది కెమెరా కాదు, రెప్పలని ఆవిడ మనసుకు తెలుస్తూనే ఉంది. కానీ పిల్ల ఆటకు వెళ్ళకుండా ఇంట్లో కూర్చోవడం ఆవిడ వల్ల కాదు. చూడటమూ వల్ల కాదు. ఈ రెంటికీ మధ్య ఇంకో దారి కనపడలేదు.

ఇంట్లో సాధన మొదలైంది. బావగారు నడవాలో ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తాలి. అక్కయ్య అలవాటు కొద్దీ "బిగపట్టండి!" అంది. బావగారు ఊపిరి బిగబట్టి పరుగెత్తాడు. తిరుగు పరుగులో కళ్ళు తిరిగి చెప్పుల స్టాండు మీద కూర్చుండిపోయాడు. ఆ ఫొటో చాలా స్పష్టంగా వచ్చింది. తర్వాత అత్తగారు దిండ్లు విసిరింది. ఆవిడ ఆ పని ఆపమన్నా ఆపలేదు.

పిడుగు కొన్నాళ్ళు చేతులు కట్టుకుని దూరం నుంచే చూసింది. తర్వాత ఉండబట్టలేక దగ్గరకు వచ్చింది.

"అమ్మా, కదలొద్దని అరవకు. కదలడమేగా ఆట."

"అలవాటే."

"చేతులు చూడకు. చేతులు మోసం చేస్తాయి. నడుము చూడు. నడుము తిరిగిందంటే పడేయబోతున్నారని. అప్పుడు నొక్కు." అని నాన్న చొక్కా కాలరు పట్టుకుని, నడుము తిప్పి, ఆయన్ను సోఫాలో పడేసి చూపించింది. "చూశావా?"

"చూశాను," అంది అక్కయ్య, కెమెరా వెనక నుంచి. అప్పుడూ ఆవిడకు కనిపించింది చీకటే. పిడుగు మాత్రం చాలా రోజుల తర్వాత నవ్వింది. ఆ నవ్వు చూసి కూడా అక్కయ్య కెమెరాను మొహం మీంచి దించలేదు.

పోటీ రోజు వచ్చింది. హాలు నిండా చెమట వాసన, ఈలలు, మైకులో ఎవరికీ అర్థంకాని ప్రకటనలు. అత్తగారు రాలేదు. మెట్లున్న చోట తను కూర్చోలేనంది. బావగారు పైనున్న లైట్లను చూసి పెదవి విరిచాడు. అక్కయ్య రెయిలింగు పక్కన చోటు చూసుకుని కెమెరాను దాని మీద ఆనించింది.

మొదటి ఆటలో పిడుగు వంతు వచ్చింది. నమస్కారాలయ్యాయి. పట్టు కోసం పెనుగులాడారు. అక్కయ్య నడుము చూసింది. నడుము తిరిగింది. మీట నొక్కి పట్టింది. టకటకటకటక. చీకటి చీలికల మధ్య తెల్లటి బట్ట ఏదో గిర్రున తిరిగింది. ధబ్. చప్పట్లు. అక్కయ్య కన్ను తీసి చూసేసరికి పిడుగు నిలబడి ఉంది, రెండో పిల్ల చాప మీద ఉంది.

ఫొటోలు చూస్తే అక్కయ్యకే నమ్మబుద్ధి కాలేదు. అవతలి పిల్ల గాల్లో ఉంది, పాదాలు రెండూ పైకప్పు వైపు. ఆ కాళ్ళ కింద పిడుగు మొహం, పళ్ళు బిగించి, ఒక్క వెంట్రుక కూడా చెదరనంత స్పష్టంగా.

విరామంలో పిడుగు రెయిలింగు దగ్గరకు పరుగెత్తుకొచ్చింది. కెమెరా లాక్కుని చూసింది. చూస్తున్నకొద్దీ మొహం చాటంతయింది.

"అమ్మా! చూశావన్నమాట!"

రెయిలింగు మీదుగా మెడ చుట్టూ చేతులు వేసి అమ్మను గట్టిగా పట్టుకుంది. కోచ్‌ను పిలిచి చూపించింది. "మా అమ్మ తీసింది. సరిగ్గా పడేసేటప్పుడు తీసింది," అని అడిగిన వాళ్ళకూ అడగని వాళ్ళకూ చెప్పింది. అక్కయ్య "చూశాను" అనబోయింది. ఎప్పుడూ తేలిగ్గా వచ్చే మాట ఈసారి గొంతు దాటలేదు. ఊరికే తల ఊపింది. ఇదివరకు అబద్ధం చెప్పినప్పుడు ఇంత సిగ్గు వేయలేదు. అప్పుడు ఒట్టి మాట. ఇప్పుడు దానికి సాక్ష్యం కూడా తయారు చేసి పిల్ల చేతిలో పెట్టింది.

"తెలుపు కాస్త పచ్చ కొడుతోంది," అన్నాడు బావగారు.

రెండో ఆట. ఈసారి ఎదుటి పిల్ల పొడుగరి, భుజాలు వెడల్పు. ఇద్దరూ చాప అంచున నిలబడి పిలుపు కోసం ఎదురుచూస్తున్నారు. అక్కయ్యకు చెయ్యడానికి పనేమీ లేక లెన్సు తిప్పి పిడుగు మొహాన్ని దగ్గరకు తెచ్చుకుంది.

పిల్ల కింది పెదవిని పంటి కింద నొక్కి పట్టింది. గొంతు పైకీ కిందికీ కదులుతోంది. కుడిచేతి వేళ్ళు బెల్టు కొసను అదేపనిగా నలుపుతున్నాయి. ఎవరైనా తన వైపు చూస్తున్నారేమోనని కళ్ళు ఒకసారి అటూ ఇటూ తిరిగాయి. చిన్నప్పుడు సూదిమందు వేయించడానికి ఎత్తుకెళ్తే, ఏడవకూడదని పట్టుబట్టి కూర్చున్నప్పటి మొహం అది.

అక్కయ్య కొయ్యబారిపోయింది. ఇన్నేళ్ళుగా మూసుకున్న రెప్పల వెనక ఆవిడకు కనపడే పిడుగు వేరు. ఆ పిల్లకు భయమంటే ఏమిటో తెలియదు. భయమంతా తన ఒక్కదాని వాటా అనుకుంది. తను కళ్ళు మూసుకుని భయపడుతుంటే, అక్కడ పిల్ల కళ్ళు తెరుచుకుని ఒక్కతే భయపడుతోందని ఆవిడకు ఎన్నడూ తోచలేదు.

పిలుపు వచ్చింది. నమస్కారాల ఫొటో ఒకటి తీసింది. పట్టు పట్టినప్పుడు ఒకటి తీసింది. ఆ తర్వాత వేలు మీట మీదే ఉంది. ఇద్దరూ చాప మీద గిరగిరా తిరిగారు. పిడుగు ఒకసారి కాలు అడ్డం వేసింది, ఆ పిల్ల దాటేసింది. అప్పుడు నడుము తిరిగింది. పిడుగుది కాదు, అవతలి పిల్లది.

నొక్కాల్సింది అప్పుడే. నొక్కితే చీకటి పడుతుంది. అక్కయ్య నొక్కలేదు. వేలు ఆడలేదో, మనసు ఒప్పలేదో, ఆవిడకే తెలియదు. కళ్ళు రెండూ తెరిచి చూస్తూ ఉండిపోయింది. పిడుగు పాదాలు చాప మీంచి లేచాయి. పిల్ల ఒళ్ళంతా ఆ పొడుగరి వీపు మీదుగా వెళ్ళి, అవతలి వైపు దిగింది. ధబ్. పిడుగు పైకప్పు వైపు చూస్తూ కదలకుండా పడుకుంది. రిఫరీ చెయ్యి ఎత్తింది. అప్పటికి అక్కయ్య వేలికి తెలివొచ్చి ఒక్క ఫొటో తీసింది.

ఓడిపోయాక ఇంక ఆటలు లేవు. బావగారు కారు తేవడానికి వెళ్ళాడు. అక్కయ్య హాలు బయట బల్ల మీద కూర్చుంది. పిడుగు తడి జుట్టుతో, భుజాన సంచితో వచ్చి పక్కన కూర్చుని కెమెరా అందుకుంది. మొదటి ఆట ఫొటోలు గబగబా దాటించేసి రెండో ఆటకు వచ్చింది. ముందుకు జరిపింది. వెనక్కు జరిపింది.

"దణ్ణం ఉంది. పట్టు ఉంది. తర్వాత నేను పడి ఉన్నాను. మధ్యలోది ఏది?"

"తీయలేదు."

పిడుగు కెమెరాను ఒళ్ళో పెట్టుకుంది. మొహం మాడిపోయింది. "గెలుస్తుంటే చూస్తావు. ఓడిపోతుంటే కళ్ళు మూసుకుంటావు. అంతేగా?"

"కాదే. గెలిచిందే నేను చూడలేదు."

అక్కయ్యకు ఇంక దాచే ఓపిక లేదు. అద్దం సంగతి, చీకటి సంగతి, అది లోపమని దుకాణదారు చెప్పిన సంగతి, అన్నీ చెప్పేసింది. పిడుగు నమ్మలేదు. కెమెరా ఎత్తి ఎదుటి గోడ వైపు పెట్టి ఒకసారి నొక్కింది. మళ్ళీ నొక్కింది. తర్వాత మెల్లగా దించింది.

"కావాలనే ఇది కొన్నావా?"

"కావాలనే."

"ఇందాక నేను కోచ్‌కు కూడా చూపించాను," అంది పిడుగు. "అందరికీ చెప్పాను, నువ్వు చూశావని."

అక్కయ్య తల దించుకుని కూర్చుంది. పిల్ల లేచి వెళ్ళిపోతుందనుకుంది. పిల్ల సంచి పట్టీని చేతికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది.

"మరి రెండోదానికి ఎందుకు నొక్కలేదు?"

"నొక్కితే కనపడదుగా."

పిడుగు తల తిప్పి చూసింది. "ఏం చూశావేంటి?"

అక్కయ్యకు కథలు చెప్పడం రాదు. బొమ్మలో ఏముందో డాక్టరుకు చెప్పినట్టే చెప్పింది. "పిలవకముందు కింది పెదవి పంటి కింద పెట్టుకున్నావు. బెల్టు కొస నలుపుతున్నావు. ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూశావు. కాలు అడ్డం వేశావు, ఆ పిల్ల దాటేసింది. ఆమె నడుము తిప్పగానే పడతానని నీకు తెలిసిపోయింది. గడ్డం లోపలికి పెట్టుకున్నావు. చెయ్యి చాచలేదు, ఎడమచేత్తో చాపను చరిచావు. ఏదీ విరగలేదు. పడ్డాక కాసేపు పైకే చూశావు, లేవాలని తొందరపడలేదు."

బావగారి కారు హారన్ వినిపించింది. ఇద్దరూ లేవలేదు.

"పెదవి సంగతి ఎవరికీ తెలీదు," అంది పిడుగు చివరికి. "నాకు ప్రతిసారీ భయమేస్తుందమ్మా."

"నాకు తెలీదే," అంది అక్కయ్య. "ఇవాళ చూశాను."